మేసీస్ కొట్టూ, కామిక్ బొమ్మల లింకుల ఆటా, మన గట్టూ

గ్రూపులో రాసి చాలా రోజులైంది. పోస్టు పెద్దదే, తీరిక ఉన్నప్పుడే చదవండి. న్యూయార్క్‌లో ఉన్న ఒక పెద్ద కొట్టు గురించి, మేం హాస్టల్లో ఆడిన ఒక ఆట గురించి రాస్తున్నా. ఈ రెండూ మనకెందుకు అనుకోకండి, చివరికి మన దగ్గరికే వస్తా.

మాది శబరి ఒడ్డున ఒక చిన్న కోయ ఊరు. అప్పట్లో ఖమ్మం జిల్లా. నేను ఆశ్రమ పాఠశాలలో ఎనిమిది చదివేటప్పుడు మా ఇంగ్లీష్ సారు హైదరాబాద్ వెళ్లి, అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద అమ్మే పాత పుస్తకాల్లోంచి ఒక సంచి నిండా ఇంగ్లీష్ కామిక్స్ తెచ్చారు. ముప్పై దాకా ఉంటాయి. సగం వాటికి అట్టల్లేవు. మాకు ఇంగ్లీష్ ఎక్కడొచ్చు? బొమ్మలు చూస్కుంటూ కథ మేమే అల్లేసేవాళ్లం.

ఆ పుస్తకాలతో పదో తరగతి అన్న ఒకడు ఆట మొదలుపెట్టాడు. ఒకడు రెండు బొమ్మల పేర్లు చెప్తాడు. స్పైడర్‌మాన్, ఇంకెవరో ఒక విలన్ అనుకోండి. అవతలోడు ఆ ఇద్దర్నీ కలపాలి. ఇద్దరూ ఒకే పుస్తకంలో కనిపిస్తే ఒక అడుగు. లేకపోతే మధ్యలో ఇంకొకర్ని పట్టుకోవాలి. వీడితో వాడు ఫలానా పుస్తకంలో ఉన్నాడు, వాడితో వీడు ఇంకో పుస్తకంలో ఉన్నాడు, అలా. తక్కువ అడుగుల్లో కలిపినోడు గెలిచినట్టు. రాత్రి కరెంటు పోయాక కూడా చీకట్లో పడుకుని ఆడేవాళ్లం. పుస్తకాలన్నీ నోటికొచ్చేశాయి మరి.

ఈ ఆట మాకు ఒక్క పూటలో వచ్చేసింది. ఎందుకో అప్పుడు తెలీలేదు. ఇప్పుడు తెలుసు. హాస్టల్‌కి కొత్త పిల్లాడొస్తే వార్డెన్ పేరు, క్లాసు అడుగుతారు. మేం అడిగేవి వేరే. ఏ ఊరు? ఇంటిపేరేంటి? ఏ గట్టు? ఈ మూడూ తెలిస్తే చాలు. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు, ఇలా మనకు లెక్కుంది కదా. ఒకే గట్టు అయితే అన్నదమ్ములు, పిల్లనిచ్చి పుచ్చుకోవడం ఉండదు. వేరే గట్టు అయితే బావ. రెండు నిమిషాల్లో వాడు ఎవడికి ఏమవుతాడో తేలిపోయేది. ఆ రాత్రి నుంచే వాడి దుప్పటి మా పక్కన. అంటే లింకుల ఆట మాకు పుట్టుకతోనే వచ్చు, సారు తెచ్చిన సంచిలో దొరికింది కొత్త బొమ్మలు మాత్రమే.

ఆ ముప్పై పుస్తకాల్లో ఒకటి ఎక్స్‌మెన్ పాత కథ. అసలుది 1975లో వచ్చింది, మా దగ్గరున్నది దాని రీప్రింట్. అందులో థండర్‌బర్డ్ అని ఒకడున్నాడు. అమెరికా ఆదివాసీ, అపాచీ తెగ. తలకి పట్టీ, ఒళ్లంతా కండలు. వాణ్ని చూపించే మొదటి పేజీలోనే ఉత్త చేతుల్తో అడవిదున్నని పడగొడతాడు. మేమంతా ఒక్కసారే అరిచాం, "వీడు మనోడు రా!" అని. ఆ తర్వాత ఆటలో ఎవరి పేరొచ్చినా దారి థండర్‌బర్డ్ మీంచి పోయేలా చూసేవాళ్లం. వాడి మీంచి పోతే అడుగులు పెరిగినా సరే.

ఇప్పుడు కొన్నేళ్లు దాటేస్తా. ఇంజనీరింగ్ హైదరాబాద్‌లో చేశా. మొదటి సంవత్సరం ఒకడు అందరి ముందు "నీ ర్యాంకెంత? ఆ ర్యాంకుకి సీటెలా వచ్చింది?" అన్నాడు. నలుగురు నవ్వారు. ఆ రోజు నుంచి ఇంటిపేరు రాయడం మానేశా. పేరుకి ముందు ఒక ఇంగ్లీష్ అక్షరం, అంతే. నాలుగేళ్లు ఆ అక్షరం వెనకాల దాక్కున్నా. ఇది ఇక్కడ రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ మీలో కొందరు ఇప్పుడు అదే చేస్తున్నారని నాకు తెలుసు.

తర్వాత నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ వచ్చింది. 2013లో అమెరికా వెళ్లా. జెర్సీ సిటీలో ఒక గదిలో నలుగురం, నలుగురూ తెలుగోళ్లే. దిగిన వారంలోనే ఒకడు అడిగాడు, "ఇంతకీ మీ ఇంటిపేరేంటి మామా?" వాడు అందర్నీ మామా అనే అంటాడు. మనలో ఆ మాట ఊరికే అనరు కదా, మామ అంటే మామే. వాడి ప్రశ్న కూడా మన హాస్టల్ ప్రశ్నలాగే వినిపిస్తుంది, కానీ అది వేరు. మనం అడిగేది ఈ మనిషి నాకేమవుతాడో తెలుసుకోడానికి. వాడు అడిగింది నన్ను ఎక్కడ కూర్చోబెట్టాలో తెలుసుకోడానికి. నేను అక్షరం ఒక్కటే చెప్పి మాట మార్చేశా.

ఆ గదిలోనే మళ్లీ లింకుల ఆట ఎదురైంది. ఆ మామ కంప్యూటర్ సైన్స్. క్లాసు ప్రాజెక్టుకి మార్వెల్ కామిక్స్ డేటా తీసుకున్నాడు. దాని వెనక కథ చెప్పాడు. 2002లో స్పెయిన్‌లో బలియారిక్ దీవుల యూనివర్సిటీ వాళ్లు ముగ్గురు మార్వెల్ బొమ్మల లోకాన్ని మొత్తం లెక్కేశారట. 6,486 పాత్రలు, 12,942 పుస్తకాలు. ఇద్దరు ఒకే పుస్తకంలో కనిపిస్తే వాళ్ల మధ్య ఒక గీత. అచ్చం మా హాస్టల్ ఆటే! అన్నీ గీశాక ఆ లోకానికి నట్టనడుమ ఎవరున్నారయ్యా అంటే కెప్టెన్ అమెరికా. ఆయన దగ్గర్నుంచి మిగతా అందరికీ సగటున రెండడుగులు కూడా లేవు, 1.7 చిల్లర.

నేను థండర్‌బర్డ్ పేరు కొట్టమన్నా. వాడు కొట్టి చూపించాడు. థండర్‌బర్డ్ నుంచి వుల్వరీన్, వుల్వరీన్ నుంచి కెప్టెన్ అమెరికా. "చూశావా మామా, నీ ఫేవరెట్ సెంటర్‌కి రెండే అడుగులు!" అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది. ఆ రాత్రే నెట్‌లో థండర్‌బర్డ్ కథ మిగతాది వెతికా, హాస్టల్లో మాకు ఆ తర్వాతి పుస్తకాలు దొరకలేదు కాబట్టి.

చచ్చిపోయాడు. అదే 1975లో, టీములో చేరిన కొద్ది రోజులకే, రెండో పోరాటంలోనే. పారిపోతున్న విలన్ విమానం మీదికి దూకి, దిగిపో అని పెద్దాయన చెప్పినా వినకుండా పిడికిళ్లతో బాదుతూ, అది పేలితే దాంతో పాటే పోయాడు. ఉన్నంతసేపూ చేసింది కోపపడటం, టీములో వాళ్లతో గొడవపడటం. కామిక్స్‌లో చచ్చినవాళ్లు లేచొస్తూనే ఉంటారు, మీకూ తెలుసు. థండర్‌బర్డ్ మాత్రం అప్పుడప్పుడూ కాసేపు కనిపించడమే తప్ప, నలభై ఏళ్లకు పైగా చచ్చినట్టే ఉన్నాడు.

రాత్రంతా ఆ రెండడుగుల లెక్కే బుర్రలో తిరిగింది. సెంటర్‌కి రెండడుగులు అంటే ఏంటి? పెద్దవాళ్ల ఫొటోలో ఒకసారి పక్కన నిలబడ్డాడు, అంతే కదా. దూరం తక్కువే. చోటు మాత్రం దొరకలేదు.

మీకు బాగా తెలిసిన ఉదాహరణ ఒకటి చెప్తా. 2022లో ఆర్‌ఆర్‌ఆర్ వచ్చింది. చరిత్రలో ఎక్కడా కలవని అల్లూరినీ కొమరం భీమ్‌నీ సినిమాలో కలిపారు. నేనూ థియేటర్లో ఈల వేశా, అబద్ధం చెప్పను. భీమ్ పేరు ప్రపంచమంతా వినిపించింది. కానీ చివర్లో ఏం కావాలని రాముడు అడిగితే భీమ్ ఏమన్నాడు? చదువు కావాలన్నాడు. చంద్రాపూర్‌లో ప్రెస్సు పనిలో ఉన్నప్పుడే భీమ్ చదవడం రాయడం నేర్చుకున్నాడని ఆయన జీవితం చెప్పేవాళ్లు చెప్తారు. జోడేఘాట్‌లో నిజాం మీద నిలబడ్డ మనిషి సినిమాలో అక్షరాల కోసం పక్కవాడి ముఖం చూశాడు. లింకు కలిపారు, కలిపేటప్పుడు ఒక మెట్టు కింద నిలబెట్టారు. థండర్‌బర్డ్‌కి జరిగింది కూడా అదే.

ఇక కొట్టు దగ్గరికొస్తా. న్యూయార్క్‌లో 34వ వీధిలో మేసీస్ అని ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్ ఉంది. ఒక వీధి చివర నుంచి ఇంకో వీధి చివరి దాకా అదొక్కటే బిల్డింగు. రోలాండ్ మేసీ అనే ఆయన 1858లో అదే ఊళ్లో వేరే వీధిలో చిన్నగా పెట్టాడు. మొదటి రోజు అమ్మకం పదకొండు డాలర్ల చిల్లర. అంతకుముందు వేరే ఊళ్లలో పెట్టిన కొట్లు దివాలా తీశాయి. కుర్రతనంలో తిమింగలాల వేట ఓడలో పనిచేశాడు, అక్కడ చేతి మీద ఎర్ర నక్షత్రం పచ్చబొట్టు వేయించుకున్నాడు. ఇప్పటికీ ఆ కొట్టు గుర్తు ఆ నక్షత్రమే. ఆ సంగతి చదివినప్పుడు మా నానమ్మ గుర్తొచ్చింది. ఆమె చేతుల నిండా పచ్చబొట్లే. వాటిని చూసి బస్సులో జనం ముఖం తిప్పుకునేవాళ్లు. ఆయన పచ్చబొట్టేమో కోట్ల రూపాయల కంపెనీకి ముద్ర అయ్యింది.

ఆ కొట్టు వాళ్లు 1924 నుంచి ఏటా నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ పండగ రోజు పెద్ద ఊరేగింపు తీస్తారు. మొదట్లో జూ నుంచి జంతువుల్ని తెచ్చి నడిపించేవాళ్లు. 1927 నుంచి జంతువుల బదులు పెద్ద పెద్ద గాలి బొమ్మలు. 1940 నాటికే సూపర్‌మాన్ బెలూన్ వచ్చేసింది. 1942 నుంచి 44 దాకా యుద్ధానికి రబ్బరు, హీలియం కావాలని ఊరేగింపే ఆపేశారు. 1987లో స్పైడర్‌మాన్ వచ్చాడు. అంటే మా సంచిలోని బొమ్మలన్నీ ఏడాదికొకసారి ఆ కొట్టు ముందుకి వస్తాయన్నమాట.

మొదటి ఏడాది నలుగురం కలిసి చూడ్డానికి వెళ్లాం. చలికి చెవులు తెగిపోతున్నాయి. జనంలో నిలబడి ఆట ఆడుకుంటున్నాం. ఒకడు థండర్‌బర్డ్, సూపర్‌మాన్ అన్నాడు. కష్టమైన జత, ఎందుకంటే ఇద్దరూ వేరే వేరే కంపెనీల బొమ్మలు. సూపర్‌మాన్ డీసీ, థండర్‌బర్డ్ మార్వెల్. సూపర్‌మాన్, స్పైడర్‌మాన్ ఇద్దరూ మేసీస్ బెలూన్లే కాబట్టి అది లింకే అని ఒకడి వాదన. ఊరేగింపులో పక్కపక్కన ఎగిరితే లెక్కలోకి రాదు, కథలో కలవాలి అని నా వాదన. ఆ కథా ఉంది. 1976లో రెండు కంపెనీలు కలిసి ఆ ఇద్దరితో ఒక పుస్తకం వేశాయి. థండర్‌బర్డ్, వుల్వరీన్, స్పైడర్‌మాన్, సూపర్‌మాన్. మూడడుగులు. గెలిచా.

అప్పుడే మా ముందుకి ఒక తాబేలు వచ్చింది. పెద్ద శకటం, మీద తాబేలు బొమ్మ, దాని మీద సంప్రదాయ దుస్తుల్లో మనుషులు. బొమ్మలు కాదు, నిజం మనుషులు. పక్కనున్న ముసలాయన్ని అడిగితే ఒనైడా వాళ్లు అన్నాడు. న్యూయార్క్ రాష్ట్రంలోనే ఉండే ఆదివాసీ నేషన్. 2010 నుంచి వాళ్ల శకటం వాళ్లే పెట్టుకుని అప్పట్లో ఈ ఊరేగింపులోకి వచ్చేవాళ్లు. భూమి తాబేలు వీపు మీద నిలబడిందని వాళ్ల పుట్టుక కథ, అదే బొమ్మ చేసుకుని తెచ్చారు. ఇంకోటి తెలుసా, ఆ కొట్టున్న మాన్‌హటన్ అనే పేరు కూడా అక్కడి ఆదివాసీలు లెనాపే వాళ్ల మాటే. వాళ్లని వెళ్లగొట్టారు, పేరు మిగిలింది. అలాంటి ఊళ్లో, బెలూన్లన్నిటి మధ్యలో, వాళ్లు చెయ్యి ఊపుతూ పోయారు. ఎవరి కథకీ పక్కవాయిద్యంగా రాలేదు. వాళ్ల తాబేలు మీద వాళ్లొచ్చారు.

నాకు గొంతు పట్టేసింది. మామ చూసి, "ఏమైంది రా?" అన్నాడు. ఆ చలిలో నిలబడే చెప్పా. నా ఇంటిపేరు పూర్తిగా చెప్పా. కోయ అని చెప్పా. గట్టు అంటే ఏంటో చెప్పా. వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "చెప్పలేదేంట్రా ఇన్నాళ్లూ?" అన్నాడు. మిగతా ఇద్దర్లో ఒకడు ఆ తర్వాత నాతో మాట్లాడే తీరు కొంచెం మారింది, అది కూడా దాచను. మామ మాత్రం మారలేదు. ఒక రోజు "అయితే నేన్నిన్ను మామా అనకూడదా?" అని సీరియస్‌గా అడిగాడు. అను, కానీ పిల్లనివ్వాలి అన్నా. ఇద్దరం పడి పడి నవ్వాం.

మర్నాడు ఆ కొట్టులోకి వెళ్లా, ఒక్కణ్నే. పాత చెక్క ఎస్కలేటర్లు ఇంకా ఉన్నాయి, ఎక్కితే ఎడ్లబండిలా చప్పుడు చేస్తాయి. ఒక కోటు చేత్తో పట్టుకుని చీటీ మీద ధర చూశా, కొనే స్థోమత లేదు. ఆ చీటీ చూస్తే సంత గుర్తొచ్చింది. ఎవరికైనా ఒకటే ధర అనే పద్ధతిని మొదట్లోనే పట్టుకున్న కొట్లలో మేసీస్ ఒకటి. మా నానమ్మ ఇప్పపువ్వు, చింతపండు నెత్తిన పెట్టుకుని సంతకి నడిచేది. అక్కడ ధర షావుకారు చెప్పేవాడు. కుంచమూ ఆయనదే. మేం నింపితే నిండేది కాదు, ఆయన కొలిస్తే ఇట్టే నిండేది. చీటీ మీద రాసిన ధర ఎంత పెద్ద సంగతో ఆ కోటు పట్టుకున్నప్పుడు తెలిసింది. అయినా నానమ్మకి సంత రోజంటే పండగే. ఎందుకంటే సంతలో చుట్టాలు కలుస్తారు. మేసీస్‌లో ఆ పూట వేల మంది తిరుగుతున్నారు, ఎవరూ ఎవర్నీ మీదే ఊరని అడగలేదు.

స్పెయిన్ వాళ్ల లెక్కలో ఇంకో మాటుంది. నిజం మనుషుల్లో అయితే నా ఇద్దరు స్నేహితులు ఒకరికొకరు తెలిసి ఉండే అవకాశం బాగా ఎక్కువ. కామిక్స్ లోకంలో అది చాలా తక్కువట. నాకర్థమైంది ఏంటంటే, అక్కడ గీతలు ఎక్కువగా పెద్ద హీరోల మీంచి పోతాయి. ఆ హీరోల్ని తీసేస్తే చిన్నవాళ్లకి ఒకరికొకరు తెలీదు. మన సంత అలా కాదు. అక్కడ నడుమ ఒక కెప్టెన్ ఉండడు. ప్రతివాడూ ఇంకో పది మందికి చుట్టం. అందుకే ఒకడు పోయినా అల్లిక తెగదు.

తెగదనే అనుకునేవాణ్ని. నేను అక్కడుండగానే 2014లో మా ఏడు మండలాలు ఆంధ్రలో కలిశాయి. నేను ఒక రాష్ట్రం నుంచి వెళ్లి ఇంకో రాష్ట్రానికి తిరిగొచ్చా, ఊరు కదలకుండానే. ఆ తర్వాత పోలవరం. కొన్ని ఊళ్లు కాలనీలకి వెళ్లాయి, కొన్ని వెళ్లబోతున్నాయి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు మా వాళ్లంతా శిబిరాల్లో ఉన్నారు. నేను బియ్యం, దుప్పట్లు తీస్కెళ్లా. ఒక టార్పాలిన్ కింద ఇద్దరు పిల్లలు సెల్‌ఫోన్లో ఎవెంజర్స్ చూస్తున్నారు. ఇద్దరూ వేరే వేరే కాలనీల వాళ్లు. ఊరికే అడిగా, మీరేమవుతార్రా అని. "ఏం కాం, ఇక్కడే కలిశాం" అన్నారు. ఇంటిపేర్లు అడిగా, చెప్పారు. గట్టు అడిగితే ఇద్దరికీ తెలీదు. పక్కనున్న ఒక ముసలమ్మ విని, ఒకడి నానమ్మ పుట్టిల్లు ఏదో, రెండోవాడి తాత ఎక్కడ ఇల్లరికం వెళ్లాడో చెప్పి, మూడు మాటల్లో తేల్చేసింది. బావా బామ్మర్దులు! పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని సిగ్గుపడి నవ్వారు.

ఐరన్‌మాన్‌కి థానోస్ ఏమవుతాడో వాళ్లకి తెలుసు. పక్కన కూర్చున్నవాడు తమకేమవుతాడో తెలీదు. తప్పు వాళ్లది కాదు, ఆ ఆట నేర్పేవాళ్లు తగ్గిపోతున్నారు. ఆ ముసలమ్మ పోయినేడాది కాలం చేసింది.

థండర్‌బర్డ్ సంగతి ముగించి ఆపేస్తా. 2022లోనే వాడికి మొదటిసారి సొంతంగా ఒక పుస్తకం వచ్చింది. రాసిన ఇద్దర్లో ఒకరు నైలా రోజ్, రెజ్లింగ్ చూసేవాళ్లకి పేరు తెలిసే ఉంటుంది. ఆమెది ఒనైడా మూలాలు. ఆ తాబేలు వాళ్లే! చదివినప్పుడు మేసీస్ ఊరేగింపు, ఆ చలి, ఆ శకటం అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి. చచ్చి లేచొచ్చినవాణ్ని ఇంటికి తీసుకెళ్లి, వాళ్ల నానమ్మ దగ్గరికి చేర్చే కథ చెప్పడానికి వాళ్లలో ఒకరి చెయ్యి పడాల్సి వచ్చింది.

మీకు నేను అడిగేది ఒకటే. ఈ సెలవులకి ఊరెళ్లినప్పుడు ఒక నోటుబుక్ తీస్కెళ్లండి. మీ ఇంటిపేరు, గట్టు, నానమ్మ పుట్టిల్లు, అమ్మమ్మ పుట్టిల్లు, ఎవరెవరు ఏ కాలనీకి వెళ్లారు, అన్నీ రాయండి. ఫోన్లో కాదు, గ్రూపులో అసలే వద్దు, పుస్తకంలోనే రాసి ఇంట్లో పెట్టండి. బొమ్మలు గీసే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటే ముసలివాళ్లు చెప్పిన కథ ఒక్కటి గీయండి, చిన్నదైనా సరే.

ఇక పేరుకి ముందు అక్షరం పెట్టుకుని దాక్కుంటున్న తమ్ముళ్లకి. నేను తిట్టడానికి రాయలేదు, నేనూ నాలుగేళ్లు అక్కడే ఉన్నా. మీకు చెప్పాలనిపించిన రోజు చెప్పండి. ఎవరికీ చెప్పలేకపోతే నాకు మెసేజ్ పెట్టండి. ముందు మూడు ప్రశ్నలు అడుగుతా. ఏ ఊరు, ఇంటిపేరేంటి, ఏ గట్టు. ఆ తర్వాత నువ్వు నాకు తమ్ముడివో బావవో తేల్చుకుందాం.

జై ఆదివాసీ.